ఒక జిల్లా, ఒకే బీటు

ఆ ఊళ్లో పొద్దున లేస్తే సాంచెల చప్పుడు, రాత్రి పడుకుంటే సాంచెల చప్పుడు. మరమగ్గాన్ని అక్కడివాళ్లు సాంచె అంటారు. ఇద్దరు మంచీచెడూ మాట్లాడుకోవాలన్నా గొంతు చించుకోవాల్సిందే కాబట్టి, కొత్తగా వచ్చినవాళ్లకు ఊరంతా కొట్లాటలో ఉన్నట్టు కనిపిస్తుంది. అటువంటి ఊరికి, చెంచా కింద పడితే ఉలిక్కిపడే జిల్లా ప్రత్యేకాధికారి ఒకాయన బదిలీ మీద వచ్చాడు. ఇది ఊరి ఖర్మా, ఆయన ఖర్మా అని జనం తేల్చుకోకముందే అది ఆడెపు నరహరి ఖర్మ అయి కూర్చుంది.

నరహరికి ఒక డీజే బండి ఉంది. పాత డీసీఎం వ్యాను మీద మనిషి ఎత్తు స్పీకర్లు పేర్చి, ముందు రంగుల లైట్లు బిగించి, వెనక ఒక జనరేటరు కట్టాడు. పెళ్లి బరాత్ అయినా, వినాయకుడి నిమజ్జనమైనా, గెలిచిన వార్డు మెంబరు అయినా, ఓడిన వార్డు మెంబరు మొండికేసినా, ఆ బండి లేనిదే కదలరు. అమ్మానాన్నా చిన్నప్పుడే పోతే నరహరిని పెంచింది నాయనమ్మ బాలవ్వ. ఇప్పుడా ఇంట్లో వాళ్లిద్దరే.

బాలవ్వకు దేవుడి భయం తక్కువ, డీజే మోజు ఎక్కువ. మనవడు ఇంటి ముందు బండి పెట్టి పాటలు సరిచూసుకుంటుంటే గడప మీద కూర్చుని తీర్పులు చెప్పేది. డీజే పాటల్లో హౌస్ అనే రకం పెడితే "వడ్లు దంచినట్టున్నదిరా, మంచిగున్నది" అనేది. ట్రాన్స్ పెడితే "ఇది జరమొచ్చినోనికి పెట్టు, నిద్ర వోతడు" అనేది. డబ్‌స్టెప్ పెట్టిననాడు మాత్రం చెవులు మూసుకుని "బర్రె ఈనలేక గుంజుకుంటున్నదిరా, ఆపు!" అని అరిచింది. టెక్నో అంటే ఆమెకు ప్రాణం. "మీ తాత సాంచెల షెడ్డు గిట్లనే మోగుతుండే" అని కళ్లు మూసుకుని తల ఊపేది.

ఆ సంవత్సరం ఎండాకాలంలో బాలవ్వకు ఒంట్లో బాగుండలేదు. డాక్టరు ఏమీ చెప్పకుండా మందులు రాశాడు. ఆమె మనవణ్ని మంచం దగ్గరికి పిలిచి, మందుల సంగతి వదిలేసి అసలు సంగతి ఎత్తింది.

"నరీ, నేను పోయిన్నాడు నా ముందట నీ బండి నడవాలె. ఫుల్లు సప్పుడు వెట్టాలె."

"నువ్వేడికి పోతవే అవ్వా, ఊకో."

"ఇను ముందుగాల. మీ తాత పోయిన్నాడు మర్యాదకని వాడకట్టుల సాంచెలన్ని బంద్ వెట్టిండ్రు. ఊరు ఊరంత సప్పుడు లేదు. నా ఏడ్పు నాకే ఇనచ్చింది. ఆడాళ్లు, మొగోళ్లు అందరు ఇన్నరు. అంత సిగ్గు నా జన్మల వడలే నేను. ఇగ నా కోసం ఏడ్శెటోడు నువ్వొక్కనివే. నీ ఏడ్పు ఎవ్వలు ఇనద్దు కొడుకా. గంతే నా కోరిక."

నరహరి అవ్వ చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు. డీజే బండి ఓనరు నాయనమ్మకు డీజే పెట్టడం కూడా ఒక మాటేనా అని మనసులో అనుకున్నాడు కూడా.

ఆ వారంలోనే ఒక బరాత్ ప్రత్యేకాధికారి విద్యానాథ్ గారి బంగళా ముందు నుంచి పోయింది. ఆయన బల్ల మీది నీళ్ల గ్లాసు బీటు బీటుకూ ఒక్కో అంగుళం జరుగుతూ పోయి, చివరికి ఒక ముఖ్యమైన ఫైలు మీద ఒలికిపోయింది. మర్నాడు జిల్లా అంతటా డీజేలు బంద్. బంగళా దగ్గర్లో కనిపించిన పాపానికి నరహరి బండిని తెచ్చి ఆఫీసు ఆవరణలో వేపచెట్టు కింద నిలబెట్టారు.

డీజేల వాళ్లంతా కలిసి వెళ్లి దండాలు పెట్టారు. విద్యానాథ్ గారు వాళ్లను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించారు. ఆయన చెడ్డవాడు కాదు; చెడ్డవాడైతే సంగతి ఇంత దూరం వచ్చేది కాదు.

"ప్రభుత్వం సంగీతానికి వ్యతిరేకం కాదు" అన్నారాయన. "అయితే డీజే అన్నదంతా ఒకే గాటన కట్టదగినది కాదని మా దృష్టికి వచ్చింది. ఇందులో పలు రీతులు కలవు. సదరు రీతులను శాస్త్రీయంగా పోల్చి, మన జిల్లాకు అనువైన రీతి ఒక్కదానిని ఎంపిక చేసి, దానిని మాత్రమే అనుమతించదలిచాము. ఒక జిల్లా, ఒకే బీటు."

ఆ నినాదం ఆయనకే ఎంత నచ్చిందంటే, రెండోసారి కూడా అన్నారు.

కమిటీ పడింది. అధ్యక్షులు విద్యానాథ్ గారు. రోడ్లు అదురుతాయి కనుక రోడ్ల ఇంజనీరు భూపతి ఒక సభ్యుడు. సంగీతం కనుక సంగీత పాఠశాల మృదంగం మాస్టారు శఠగోపం గారు ఇంకో సభ్యుడు. బండి ఎటూ ఆఫీసు ఆవరణలోనే ఉంది కనుక నరహరిని విషయ నిపుణుడిగా తీసుకున్నారు. ఇప్పటి దశాబ్దం ఇంకా పూర్తికాలేదు, పూర్తికాని దశాబ్దం మీద అభిప్రాయం చెప్పడం తొందరపాటు అవుతుంది కాబట్టి, గడిచిన దశాబ్దంలో పేరుపొందిన రీతులనే పోల్చాలని తీర్మానించారు.

మొదటి సమావేశానికి నరహరి పెన్‌డ్రైవ్ నిండా పాటలు పట్టుకొచ్చాడు. బండి కిటికీ కిందే ఉంది. తీగ కలపడమే తరువాయి.

"ఒక్క నిమిషం" అన్నారు విద్యానాథ్ గారు. "జిల్లాలో డీజే నిషేధం అమలులో ఉన్నది. కమిటీ నివేదిక వచ్చువరకు నిషేధం తొలగదు. కావున కమిటీ డీజే వినరాదు."

"ఇనకుంటె ఎట్ల పోలుస్తరు సార్?" అన్నాడు నరహరి.

"వినినచో నిష్పాక్షికత దెబ్బతినదా?" అన్నారాయన. ఇంజనీరు భూపతి తల ఊపాడు. శఠగోపం గారు నలభై ఏళ్లుగా పిల్లల మృదంగం వింటున్న మనిషి. ఏదైనా వినకుండా తప్పించుకునే అవకాశం వస్తే వదులుకోరు. ఆయనా తల ఊపారు.

సరే నోటితో చెబుతానని నరహరి గొంతు సవరించుకున్నాడు. "హౌస్ అంటే గిట్లుంటది సార్. డుమ్, డుమ్, డుమ్, డుమ్..."

అధ్యక్షులు చెయ్యెత్తారు. "ఇది ఉల్లంఘన కిందకు వచ్చునా?"

"ఏదేని వాద్య పరికరము ద్వారా అని ఉంది సార్ ఉత్తర్వులో. నోరు పరికరం కాదు" అన్నాడు భూపతి.

"అలా అంటే ఎలాగండీ!" శఠగోపం గారికి రోషం వచ్చింది. "శాస్త్రం ప్రకారం మనిషి శరీరమే వీణ. గాత్రవీణ అంటారు. భగవంతుడు స్వయంగా చేసిన వాద్యం."

దాంతో నరహరి నోరు కూడా నిషేధంలోకి వచ్చింది. ఇక మిగిలింది రాసివ్వడం. పదో తరగతి తర్వాత కలం పట్టని నరహరి, కిటికీలోంచి సాంచెల చప్పుడు గదంతా నిండిపోతుండగా, చెమటలు కక్కుతూ రాశాడు. "సార్, గీ సాంచెల సప్పుడు నా బండి కన్న ఎక్కువనే గదా" అని ఒకసారి అననే అన్నాడు. "అది ఉత్పత్తి. ఇది ఉత్సవం" అన్నారు విద్యానాథ్ గారు, కిటికీ మూయిస్తూ.

హౌస్‌కు నిమిషానికి నూట ఇరవై పైచిలుకు బీట్లని చదివి ఇంజనీరు లెక్క వేశాడు. బీటుకు ఒక అడుగు చొప్పున పెళ్లివారు నడిస్తే ఎక్కడికి చేరతారు? హౌస్‌లో బయలుదేరిన పెళ్లికొడుకు ముహూర్తానికి సరిగ్గా మండపం చేరతాడు. ట్రాన్స్‌లో బయలుదేరినవాడు ముందే చేరి, వంటవాళ్లకు ఇబ్బంది కలిగిస్తాడు. డబ్‌స్టెప్ దగ్గర లెక్క తెగలేదు. దాని వేగం నూట నలభై అని రాసి ఉంది గాని, ఆడేవాడి కాలికి అందులో సగమే తగులుతుందని నరహరి కింద రాశాడు.

"అంటే కాగితం మీద ఒకటి, జరిగేది ఒకటా?" అన్నారు విద్యానాథ్ గారు.

"అవును సార్."

"ఇది మన శాఖల పద్ధతికి దగ్గరగా ఉన్నది" అని ఆయన మెచ్చుకుని, డబ్‌స్టెప్‌కు ఎదురుగా ఒక టిక్కు పెట్టారు.

శఠగోపం గారికి వేరే బాధ. హౌస్, ట్రాన్స్, టెక్నో, బిగ్ రూమ్ అన్నీ నాలుగు దెబ్బల లెక్కలోనే నడుస్తున్నాయి. "పదేళ్లపాటు ప్రపంచమంతా గంతులేసి, ఒక్కడికి ఐదు దెబ్బల ఖండచాపు గుర్తుకు రాలేదా?" అని కంటనీరు పెట్టుకున్నంత పనిచేసి, అసమ్మతి పత్రం రాసిచ్చారు. కమిటీ దాన్ని గౌరవంగా స్వీకరించి పక్కన పెట్టింది.

ఇలా సమావేశాలు సాగుతుంటే ఇంటి దగ్గర బాలవ్వ సన్నగిల్లుతోంది. రోజూ ఒకటే ప్రశ్న: "బండి ఇచ్చిండ్రా?" ఇక లాభం లేదని నరహరి ముందుగానే దరఖాస్తు పెట్టాడు. ఊరేగింపు ఏదైనా, ముఖ్యమైన వ్యక్తి స్వయంగా హాజరై సంతకం చేయాలని కొత్త నియమం. పెళ్లికి పెళ్లికొడుకు రావాలి. చావుకు ఎవరు రావాలో నియమంలో విడిగా లేదు. కాబట్టి బాలవ్వే ఆటోలో వచ్చింది.

"ఊరేగింపు ఎవరిది?" అన్నారు విద్యానాథ్ గారు, కళ్లద్దాలు సవరించుకుంటూ.

"నాదే బిడ్డా."

"సందర్భం?"

"చచ్చిపోవుడు."

ఆయన తడబడలేదు. ఇరవై ఏళ్ల సర్వీసు. "తేదీ?"

"నాకేం ఎరుక! నువ్వే ఓ తారీఖు ఏస్కో. నేను సూస్కుంట."

"తేదీ లేని కార్యక్రమమునకు అనుమతి ఇచ్చుట సంప్రదాయం కాదమ్మా. నెల గడువుతో పరిశీలించగలము. కార్యక్రమం వాయిదా పడినచో మూడు రోజులు ముందుగా తెలియజేయవలెను."

"గట్లనే బిడ్డా. పానం పోయేముందు నీకే కబురు వెడత" అని బాలవ్వ వేలిముద్ర వేసి, లేవలేక మనవడి భుజం పట్టుకుంది. మెట్లు దిగుతూ బండిని చూసి, స్పీకరు మీద దుమ్ము కొంగుతో తుడిచింది.

తర్వాతి సమావేశంలో తీర్పు దగ్గరపడింది. హౌస్ వల్ల రోడ్డు అదురుతుంది. ట్రాన్స్ వల్ల డ్రైవర్లు నిద్రపోవచ్చు. ట్రాప్‌లో పిల్లలు ఎక్కడ చెయ్యి ఊపాలో ముందుగా తెలియదు కాబట్టి శాంతిభద్రతల సమస్య. ఏదీ లోపం లేకుండా లేదు. విద్యానాథ్ గారు విసిగి నరహరి రాసిన కాగితాలు మళ్లీ తిరగేస్తూ ఒకచోట ఆగిపోయారు.

అక్కడ నరహరి ఇలా రాశాడు: "పాట మీదికి మీదికి ఎక్కుతది. ఎక్కి ఎక్కి ఒక్కసారి ఆగుతది. ఒక్క గడియ ఏముండది. పబ్లిక్ చేతులు లేపి నిలవడుతరు. గప్పుడు బీటు కింద వడుతది."

"ఈ ఆగినప్పుడు ఎంత శబ్దం ఉండును?"

"ఏముండది సార్. సైలెంటు."

"ఇది ఏ రీతిలో ఉన్నది?"

"అన్నిట్ల ఉంటది సార్. గది లేకుంటె పాటనే కాదు. పబ్లిక్‌కు గదే ఇష్టం."

విద్యానాథ్ గారి ముఖంలో మెల్లగా వెలుగు వచ్చింది. అన్ని రీతులకూ సాధారణమైనది. ప్రజలు కోరుకునేది. రోడ్డు అదరదు, గ్లాసు జరగదు. ఏ ఉత్తర్వుకూ విరుద్ధం కాదు.

"దీనినే ఎంపిక చేయుచున్నాము" అన్నారాయన.

"సార్, అది ఒక్క గడియనే ఉంటది..." అన్నాడు నరహరి.

"పొడిగించవచ్చును" అన్నాడు ఇంజనీరు భూపతి.

ఆ విధంగా జిల్లాకు బీటు దొరికింది. డీజేల మీద నిషేధం తొలగింది, నరహరి బండి విడుదలైంది. ఆఫీసు మైదానంలో ప్రారంభోత్సవం చేశారు. బండికి పూలదండ వేసి, జనరేటరు ఆన్ చేసి, లైట్లు గిర్రున తిప్పుతూ అరగంటసేపు నిశ్శబ్దం వాయించారు. ముందు వరుసలోని అధికారులు తాళం వేశారు. "ఎక్కడా శ్రుతి తప్పలేదు" అని శఠగోపం గారు మైకు లేకుండా ప్రశంసించారు. పక్క జిల్లా వాళ్లు అధ్యయనానికి బస్సు కట్టుకుని వచ్చారు.

కమిటీ పుట్టిందే రీతులను పోల్చడానికి కనుక, ఏ రీతి తాలూకు నిశ్శబ్దమో అనుమతి పత్రంలో రాయాలన్నారు. హౌస్ నిశ్శబ్దానికి పర్మిషన్ తీసుకుని ట్రాప్ నిశ్శబ్దం పెట్టాడని ఒక కుర్రాణ్ని పట్టుకున్నారు కూడా. వాడు ఒప్పుకున్నాడు, ఒప్పుకోకపోతే ఎలా నిరూపిస్తారో వాడికి తట్టలేదు. మొదటి బరాత్‌లో పెళ్లికొడుకు స్నేహితులు బీటు పడుతుందని చేతులెత్తి నిలబడ్డవాళ్లు మండపం దాకా అలాగే నడిచారు. మర్నాడు సర్కారు దవాఖానాలో భుజాల నొప్పులకు వరుస కట్టారు.

బాలవ్వ పర్మిషన్ కూడా వచ్చింది. టెక్నో నిశ్శబ్దం, నెల గడువు. దాని వెంట వేరే ఏ శబ్దమూ ఉండరాదు, డప్పు సహా. నరహరి ఆ కాగితం జేబులో పెట్టుకుని ఇల్లు చేరాడు.

"అచ్చిందా?" అంది బాలవ్వ, కళ్లు తెరవకుండానే.

"అచ్చిందవ్వా."

"ఏది వెడతవ్?"

"నీ సాంచెల పాటనే."

ఆమె నవ్వింది. నరహరి బయటికి వచ్చి బండి వెనక్కి పోయి, ఆ ముసలిదానికి అబద్ధం చెప్పినందుకు తన చెంప తానే వాయించుకున్నాడు. బాలవ్వ ఎన్నడూ ఎవరికీ మాట తప్పిన మనిషి కాదు. గడువు లోపలే పోయింది.

వాడకట్టులో మర్యాదకని సాంచెలు బంద్ చేశారు. ముందు బండి, లైట్లు తిరుగుతూ. బండి పక్కనే చప్పుడు కొలిచే మీటరు పట్టుకుని ఎస్సై గజానంద్. వెనక నిప్పుకుండ పట్టుకుని నరహరి, అతని వెనక పాడె. స్పీకర్లలోంచి టెక్నో నిశ్శబ్దం పెద్దగా వస్తోంది. జనం చెప్పుల చప్పుడు మాత్రమే వినిపిస్తోంది. మీటరు ముల్లు కదలడం లేదు. ఎస్సై తృప్తిగా ఉన్నాడు.

దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. పోయినవాళ్ల చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలవాలి. ఏమో, పలుకుతారేమో అని ఒక చివరి ఆశ. నరహరి కుండ కింద పెట్టి, వంగి, "అవ్వా" అన్నాడు. రెండోసారి "అవ్వా" అన్నాడు. మూడోసారి మాట రాలేదు, ఏడుపు వచ్చింది. ముప్పై ఏళ్ల మగాడు చిన్నపిల్లాడిలా గొంతు ఎత్తి ఏడ్చాడు. అంత నిశ్శబ్దంలో ఆ ఏడుపు వీధి ఈ కొస నుంచి ఆ కొసకు పోయింది. మేడల మీద కిటికీలు తెరుచుకున్నాయి. ఆడవాళ్లు తలలు దించుకున్నారు. మీటరు ముల్లు పైకి లేచింది.

ఎస్సై దగ్గరికి వచ్చి మెల్లగా, మర్యాదగానే అన్నాడు. "జర తగ్గియ్యి తమ్మీ. పర్మిషన్ల లేదు."

నరహరి నోట్లో కండువా కుక్కుకున్నాడు. అయినా వినబడుతోంది. తన ఏడుపు తనకే వినబడుతోంది. అందరూ వింటున్నారు. అదే, సరిగ్గా అదే వద్దన్నది ముసలిది. ఇంత చిన్న కోరిక!

లేచాడు. బండి ఎక్కాడు. తన బదులు కూర్చోబెట్టిన ఆపరేటర్ని పక్కకు నెట్టి, మీటలన్నీ పైకి తోశాడు.

పడింది బీటు. వాడకట్టులో సాంచెలన్నీ ఒక్కసారి మొదలైనట్టు పడింది. రేకుల కప్పులు దడదడలాడాయి. చేతులు కట్టుకుని నిలబడ్డ జనం ఒక్క క్షణం బిత్తరపోయి, అంతలోనే విరుచుకుపడ్డారు. బాలవ్వ ఈడు ముసలమ్మలు కొంగులు బిగించి చిందేశారు. పాడె మోసేవాళ్ల భుజాలు కూడా ఆగలేదు. నరహరి దిగివచ్చి కుండ ఎత్తుకుని ముందు నడిచాడు. శ్మశానం దాకా పాట ఆగలేదు. ఎస్సై నోరు తెరిచి ఏదో అరుస్తూనే ఉన్నాడు గాని, ఏం అరుస్తున్నాడో ఎవరికీ తెలియలేదు.

చితి అంటుకున్నాక బండి ఆపారు. ఎస్సై గజానంద్ మీటరు జేబులో పెట్టుకుని, కాగితాలు తీసి బండి బానెట్ మీద పరిచాడు.

"టెక్నో నిశ్శబ్దానికి పర్మిషన్. నువ్వు వెట్టింది టెక్నోనా, ఇంకోటా? ఏ రీతో సక్కగ చెప్పు, కేసుల రాయాలె."

"నాకెరుక లేదు సార్" అన్నాడు నరహరి. "దొరికింది నూకిన. నేనైతే ఇనలే. ఏడ్సుకుంట నడిసిన."

"ఏడ్సుకుంటనా?" ఎస్సై కలం ఆపి తలెత్తాడు. "తొవ్వ పొడుగూతా నీ పక్కపొంటే నడిసిన గదా. నాకు ఇనవడనే లేదు?"

"గందుకే వెట్టిన సార్."